కోరింగ మడ అడవిలో రేంజర్ పని: ప్రమాదం, నేరం విడివిడిగా రావు

అమలాపురంలో డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇదీ: "అమెరికా నేషనల్ పార్కుల్లో రేంజర్లు తప్పిపోయినవాళ్ళని వెతుకుతారు, ప్రాణాలు కాపాడతారు, తుపాకీ పెట్టుకుని అరెస్టులూ చేస్తారు. మన కోరింగలో ఫారెస్టు వాళ్ళకి అలాంటి పని, అలాంటి అధికారం ఉంటాయా? బీట్ ఆఫీసర్ పరీక్షకి చదువుతున్నాను. నాకు ఈత రాదు, నేను పనికొస్తానా?"

నేను అటవీ శాఖలో కింది మెట్టు దగ్గర చేరి రేంజ్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో చాలా భాగం మడ అడవిలోనే గడిచింది. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు ఒక సంగతి. కోరింగ అంటే కాకినాడ పక్కన, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉప్పునీళ్ళలో పెరిగే మడ అడవి. అది నేషనల్ పార్కు కాదండీ, అభయారణ్యం. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మనకి దగ్గర్లో ఉన్న నేషనల్ పార్కు పాపికొండలు. 2008లో వచ్చింది, అది డెల్టాకి ఎగువన ఉంది. పేరు ఏదైనా రెండు చోట్లా నడిచేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే. వేటాడితే పడే శిక్ష కూడా ఒకటే.

అమెరికాలో కూడా రేంజర్లందరూ తుపాకీ పట్టరు. అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ 1916లో పుట్టింది. వచ్చినవాళ్ళకి పార్కు చూపించి వివరాలు చెప్పే రేంజర్లు వేరు, చట్టం అమలు చేసే రేంజర్లు వేరు. ఈ రెండో రకం వాళ్ళకి జార్జియా రాష్ట్రంలో గ్లింకో అనే చోట ఫెడరల్ పోలీసు అధికారులతో పాటే శిక్షణ ఇస్తారు. మన దగ్గర ఆ విభజన లేదు. పొద్దున్న మొక్కలు నాటించిన బీట్ ఆఫీసరే మధ్యాహ్నం అక్రమంగా వేసిన వల స్వాధీనం చేసుకుంటాడు, రాత్రి తప్పిపోయినవాడి కోసం పడవెక్కుతాడు. చేతిలో మామూలుగా ఉండేది లాఠీ, టార్చి, ఫోను.

అధికారం మాత్రం తక్కువేమీ కాదు. వన్యప్రాణి చట్టం 50వ సెక్షన్ చదవండి. నేరం జరిగిందని నమ్మడానికి కారణం ఉంటే అటవీ అధికారి పడవని ఆపొచ్చు, సోదా చేయొచ్చు, సరుకు స్వాధీనం చేసుకోవచ్చు, వారంటు లేకుండా మనిషిని అదుపులోకి తీసుకోవచ్చు. పరీక్షకి చదివేవాళ్ళు ఈ సెక్షన్ని కంఠస్థం చేస్తారు. అది ఉద్యోగానికి సగమే పనికొస్తుంది. మిగతా సగం పోటుపాట్ల (పోటంటే సముద్రపు నీరు పైకెక్కడం, పాటంటే దిగిపోవడం) దగ్గర, ఊళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

ఎందుకంటే మడ అడవిలో ప్రమాదం, నేరం విడివిడిగా రావు. నాటుసారా బట్టీల సంగతే తీసుకోండి. లోపలి కాలవల పక్కన మడ కర్ర కొట్టి పొయ్యి పెట్టి, డ్రమ్ముల్లో బెల్లపు ఊట పులియబెట్టి సారా కాస్తారు. పోలీసులతోనో ఎక్సైజు వాళ్ళతోనో కలిసి దాడికి వెళ్తాం. పడవ ఇంజను చప్పుడు అరమైలు దూరం వినిపిస్తుంది కదా, అక్కడున్నవాళ్ళు లేచి పరిగెడతారు. పరిగెత్తడానికి అక్కడ నేలేది? పాటు సమయంలో బయటపడే ఒండ్రు. తెల్ల మడ శ్వాసవేర్లు ఆ బురదలోంచి మేకుల్లా పైకి లేచి ఉంటాయి. పది అడుగులు వేసేసరికి అరికాలు చీరుకుపోతుంది, ఇంకో పది వేస్తే తొడల దాకా దిగిపోతారు.

అలా దిగిపోయిన ఒక కుర్రాడిని బయటికి తీసిన పద్ధతి చెబుతాను, ఇది ఏ పుస్తకంలోనూ సరిగా ఉండదు. వాడు ఒక కాలు పీకబోతే రెండో కాలు ఇంకా కిందికి పోతోంది. ముందు కదలొద్దని అరిచి ఆపాం. వెనక్కి వాలి, చేతులు చాపి, బరువంతా నడుం మీద, వీపు మీద వేయమన్నాం. మాతో వచ్చిన సరంగు, అంటే పడవ నడిపే మనిషి, పడవ అడుగు చెక్కలు ఊడదీసి బురద మీద పరిచాడు. ఆ చెక్కల మీద మా వాచర్ బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్ళాడు. చెయ్యి కాలి పక్కనుంచి కిందికి దించి, డబ్బాతో నీళ్ళు పోస్తూ బురద పట్టు విడిపించాడు. ముందు ఒక కాలు, తర్వాత రెండోది. కాలు విడిపోయాక మనిషిని పైకి లాగకూడదు, అడ్డంగా చెక్కల మీదికి దొర్లించాలి. పైకి గుంజితే మోకాలి కీలు పోతుంది, లాగేవాడూ దిగిపోతాడు. ఇదంతా జరుగుతుండగానే పోటు మొదలైంది. నీరు వస్తే బురద కొంత వదులవుతుంది, నిజమే. కానీ దాన్ని నమ్ముకుని కూర్చుంటే నీరు మెడ దాకా వచ్చేస్తుంది.

కుర్రాడిని బయటికి తీశాక నీళ్ళు తాగించాం, అరికాళ్ళు కడిగి కట్టు కట్టాం, ఆ తర్వాతే పేరు, ఊరు రాసుకున్నాం. కేసు పెట్టాం కూడా. ఈ వరసే ముఖ్యం. ప్రాణం ముందు, కాగితం తర్వాత. ప్రాణం కాపాడామని కాగితం మానేయకూడదు, కాగితం కోసం ప్రాణాన్ని ఆపకూడదు. ఆ రోజు చెక్కలు ఊడదీసిన సరంగుదీ, బట్టీ పెట్టినవాళ్ళదీ ఒకటే ఊరు. అతను మాతో రావడం మానేస్తే మడ అడవిలో మా డిపార్టుమెంటుకి కాళ్ళు లేనట్టే.

కాగితం అన్నాను కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. మేం ఎఫ్‌ఐఆర్ రాయం. పీఓఆర్ (ప్రాథమిక నేర నివేదిక) రాసి, దర్యాప్తు చేసి, 55వ సెక్షన్ కింద అధికారం ఉన్న అధికారి నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేస్తారు. కోర్టులో వన్యప్రాణి కేసులు ఎక్కువగా పోయేది సాక్ష్యం లేక కాదు, సాక్ష్యం రాసుకున్న తీరు బాగోక. వల ఎక్కడ పట్టుకున్నారు? "గాడేరు పాయ దగ్గర" అని రాస్తే చాలదు. జీపీఎస్ రీడింగు రాయాలి, పోటా పాటా రాయాలి, ఏ ఒడ్డో రాయాలి. మధ్యవర్తులు పంచనామా మీద అక్కడికక్కడే సంతకం పెట్టాలి, ఆఫీసుకి వచ్చాక కాదు. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాక సోదాలని, స్వాధీనాలని ఫోన్లో వీడియో తీయడం అలవాటు చేసుకోక తప్పదు. తడి చేతులతో, ఊగే పడవలో, టార్చి నోట్లో కరుచుకుని ఇవన్నీ రాయాలి. ప్లాస్టిక్ కవరులో పెన్సిలు పెట్టుకోండి. తడి కాగితం మీద పెన్ను రాయదు.

అరెస్టు చేసినవాడిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది, ప్రయాణానికి అవసరమైన సమయం మినహాయించి. మైదానంలో పనిచేసేవాళ్ళకి ఆ మినహాయింపు పెద్దగా అక్కర్లేదు. మాకు కావాలి. పాటులో పడవ నేల తగిలి ఆగిపోయిందంటే మళ్ళీ నీరొచ్చేదాకా ముద్దాయి, మేం, స్వాధీనం చేసుకున్న సరుకు, అందరం ఆ కాలవలోనే. ఎన్నింటికి పడవ ఆగింది, ఎన్నింటికి కదిలింది డైరీలో రాసి పెట్టుకోవాలి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, రోజు రోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దది, అష్టమి రోజుల్లో చిన్నది. తిథి తెలియనివాడు కోరింగలో దాడికి ప్లాను వేయలేడు.

యానాం సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. తాళ్ళరేవు దాటితే యానాం, అది పుదుచ్చేరిలో భాగం. గౌతమి మీద అడ్డంగా పడవ తోసుకుంటూ పోతే రాష్ట్రం మారిపోతుంది. వన్యప్రాణి చట్టం కేంద్ర చట్టం కాబట్టి అక్కడా చెల్లుతుంది. కానీ అక్కడి పోలీసులకి చెప్పకుండా దిగితే కోర్టులో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. ముందు ఫోను చేయాలి, చేసినట్టు డైరీలో రాయాలి.

తాబేళ్ళ విషయంలోనే కొత్తగా వచ్చినవాళ్ళకి మనసు ఎక్కువ కలత పడుతుంది. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు జనవరి నుంచి కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకలో, ఇటు కోనసీమ తీరంలో గుడ్లు పెడతాయి. గూటికి వంద, ఆ పైన గుడ్లు. నక్కలు, కుక్కలు తవ్వేయకుండా గుడ్లని హేచరీకి తీసుకొస్తాం, నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలవుతాయి. ఒడ్డున తెల్ల టార్చి కొడితే పిల్లలు సముద్రం వదిలేసి వెలుతురు వైపు పాకుతాయి, అందుకే ఎర్ర కాగితం అంటించిన లైటుతో తిరుగుతాం. అదే కాలంలో తీరానికి చచ్చిన తాబేళ్ళు కూడా కొట్టుకొస్తాయి. చాలావరకు యాంత్రిక పడవలు ఈడ్చే ట్రాలు వలల్లో చిక్కి, ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక చచ్చినవి. యాంత్రిక పడవలు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల వేటాడకూడదని, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్ర వేట నిషేధమని నియమాలున్నాయి. కానీ తాబేళ్ళకి గండం ఎక్కువగా ఆ నిషేధం మొదలయ్యే ముందు నెలల్లోనే.

ఇక్కడ రేంజర్ విచక్షణ చూపాలి. ఈ తాబేలు మొదటి షెడ్యూలు జంతువు, అంటే వన్యప్రాణి చట్టం అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే జాబితాలోది. దాన్ని వేటాడినా, అభయారణ్యంలో ఏ అడవి జంతువుని వేటాడినా, కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఏడేళ్ళు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేలు. ఇలాంటి కేసుల్లో డబ్బు కట్టించుకుని రాజీ చేయడానికి 54వ సెక్షన్ ఒప్పుకోదు. ఇంత బరువైన కేసుని, వలలో పొరపాటున తాబేలు పడిందని భయపడుతూ వచ్చి చెప్పిన చిన్న నాటు పడవ మనిషి మీద పెట్టడం అన్యాయం. అలా ఒక్కడి మీద పెడితే ఆ ఊళ్ళో ఇంకెవడూ మనకి చెప్పడు. తర్వాత పడ్డ ప్రతి తాబేలూ చచ్చి సముద్రంలోకే పోతుంది. మాంసం కోసం పట్టినవాడిని, గుడ్లు అమ్మేవాడిని వదలొద్దు. చెప్పడానికి వచ్చినవాడిని కూర్చోబెట్టి, తాబేలుని ఎలా బతికించాలో చూపించాలి. కదలకుండా ఉన్న తాబేలు చచ్చిందని అనుకోకండి. బోర్లా పెట్టి, వెనక భాగం జానెడు ఎత్తులో ఉంచి, నీడలో తడి గుడ్డ కప్పితే ఊపిరితిత్తుల్లో నీరు దిగుతుంది. కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజంతా. వెల్లకిలా మాత్రం పడేయకూడదు.

అన్నట్టు, 27వ సెక్షన్లో చాలామంది చదవని ముక్క ఒకటుంది. అభయారణ్యంలో నివసించేవాళ్ళు అడవి జంతువు చచ్చి కనిపిస్తే చెప్పాలి, అధికారులు వచ్చేదాకా దాన్ని కాపాడాలి. చట్టం రాసినవాళ్ళకే తెలుసు, ఊరి సాయం లేకుండా అభయారణ్యం నడవదని. బావురుపిల్లి ఎక్కడ చచ్చిందో, నీటికుక్కలకి ఎవరు ఉచ్చు పెట్టారో మాకు ముందు చెప్పేది రొయ్యల చెరువు కాపలావాళ్ళు, పీతలు పట్టే ఆడవాళ్ళే.

తుపాను డ్యూటీ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1839లో ఉప్పెన కోరింగ రేవుని తుడిచిపెట్టేసింది. మా తరానికి 1996 నవంబరు 6 రాత్రి గుర్తు. కోనసీమలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి, వెయ్యి మందికి పైగా చనిపోయారు. మడ అడవి అడ్డున్న ఊళ్ళు ఎలా నిలిచాయో ఆ తర్వాత తిరిగినవాళ్ళకి తెలుసు. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర, 2025 అక్టోబరు 28న మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాయి. ప్రతిసారీ మా మొదటి పని ఒకటే, హోప్ ఐలాండ్ మీద, మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర ఇసుక తిప్పల మీద వేటకి మకాం వేసినవాళ్ళని దింపి తేవడం. రెవెన్యూ, మెరైన్ పోలీసు, మత్స్యశాఖ, మేం, అందరం కలిసే వెళ్తాం.

"రండి, రండి" అని మైకులో అరిస్తే ఎవరూ రారు. ప్రాణం మీద తీపి లేక కాదు. వల పోతే అప్పు మిగులుతుంది. ఒక ముసలాయన తిప్ప మీద వల మడతల మీద కూర్చుని, "నన్ను తీసుకెళ్ళి ఏం చేస్తావు బాబూ, దీన్ని వదిలేసి వచ్చి నేను బతికేదేముంది" అన్నాడు. కాకినాడ పోర్టులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని చెప్పినా కదల్లేదు. మా సెక్షన్ ఆఫీసర్ వాదించడం మానేసి వలని మడతలు మడతలుగా పడవలోకి మోయించాడు. ముసలాయన లేచి తనే తాడు పట్టుకున్నాడు, మిగతావాళ్ళూ వలలు ఎత్తుకుని వచ్చేశారు. అప్పట్నుంచి నేను పడవల లెక్క వేసేటప్పుడు మనుషులకి ఒక పడవ, వలలకి ఒక పడవ అని అడిగేవాడిని. పై ఆఫీసులో కొందరు అది దండగ ఖర్చు అన్నారు. కాదు. మనిషిని కదిలించేది రెండో పడవే.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు కూడా దగ్గర్లో ఉన్న పడవ విలువ చూశాం. 77 మందిలో బతికినవాళ్ళు 26 మంది. వాళ్ళ దగ్గరికి ముందు చేరింది ఒడ్డునున్న గిరిజన గ్రామస్తుల పడవలే. అక్టోబరులో ఆ బోటుని నది అడుగు నుంచి బయటికి లాగింది కాకినాడ నుంచి వెళ్ళిన బృందం, లంగర్లతో, ఇనుప తాళ్ళతో. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) ఎంత గొప్ప బలగమైనా వచ్చేసరికి కొన్ని గంటలు పడుతుంది. మొదటి గంట ఎప్పుడూ దగ్గర్లో పడవ ఉన్నవాడిదే.

చిరుత వస్తే ఏం చేస్తారని కూడా కొందరు అడుగుతుంటారు. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన తిరిగిన చిరుత కడియం నర్సరీల్లోకి వచ్చింది. ట్రాప్ కెమెరాలు, బోన్లు పెట్టారు. అలాంటప్పుడు చిరుత కంటే ఫోన్లు పట్టుకుని వచ్చే జనమే ఎక్కువ ప్రమాదం. మొదటి షెడ్యూలు జంతువుని చంపే ఉత్తర్వు రాష్ట్ర స్థాయి వన్యప్రాణి అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు. బీట్ ఆఫీసర్ పని దారులు ఖాళీ చేయించి, సాయంత్రం పనివాళ్ళని గుంపుగా ఇంటికి పంపడం.

మందుల విషయం రెండు ముక్కల్లో. మడ అడవిలో ఉండే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే నలపకూడదు, మంచినీళ్ళతో చాలాసేపు కడుగుతూనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పడవలో మంచినీళ్ళ డబ్బా తాగడానికే కాదు, అందుకు కూడా ఉండాలి. పాము కాటుకి మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర విషాలకి పనిచేస్తుంది. వలలో పడ్డ సముద్రపు పాము కరిస్తే అది పనిచేయదు. వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రికి, మనకైతే కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కి, దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్ళాలి.

ఈ ఉద్యోగంలో ప్రాణాపాయం నిజంగానే ఉంది, మీ ఇంట్లోవాళ్ళకి కూడా తెలియాలి. 2012 జనవరి 1న అమెరికాలో మౌంట్ రెయినీర్ పార్కులో ఒక మహిళా రేంజర్‌ని కాల్చి చంపారు. మన పక్కనే 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చండ్రుగొండ రేంజ్ ఆఫీసర్‌ని పోడు గొడవలో నరికి చంపారు. ఏటా సెప్టెంబరు 11న అటవీ అమరవీరుల దినం జరుపుతారు, ఆ రోజు చదివే పేర్లలో ఎక్కువమంది చిన్న ఉద్యోగులు. అందుకే ఒంటరిగా కాలవలోకి వెళ్ళొద్దు. ఎక్కడికి వెళ్తున్నారో, ఏ పోటుకి తిరిగొస్తారో బేస్ క్యాంపులో చెప్పి వెళ్ళండి. ఎదుటివాడి చేతిలో కత్తి ఉంటే వెనక్కి తగ్గి ఫొటో తీసి, తర్వాత బలగంతో వెళ్ళండి. అతని ఇల్లు ఎక్కడికీ పోదు.

ఇక మీ ఈత. బీట్ ఆఫీసర్ ఎంపికలో నడక పరీక్ష ఉంటుంది, మగవాళ్ళకి 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్ళకి 16. ఈత పరీక్ష లేదు. కాబట్టి ఉద్యోగం వస్తుంది, ఏ కొండ ప్రాంతానికో పోస్టింగు పడితే ఈత గురించి ఆలోచించక్కర్లేదు కూడా. కానీ కోరింగ కావాలని మీరే అంటున్నారు. అయితే ఇప్పుడే, ఈ వేసవిలోనే, నేర్చుకోండి. అమలాపురం చుట్టూ కాలవలకి కొదవ లేదు, పెద్దవాళ్ళని పక్కన పెట్టుకుని దిగండి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కొద్దు. ఈతతో పాటు గెడ వేయడం, లంగరు వేయడం, ఇంజను ప్లగ్గు మార్చడం కూడా నేర్చుకోండి. భైరవపాలెంలోనో బలుసుతిప్పలోనో తెలిసినవాళ్ళుంటే రెండు రోజులు వాళ్ళ పడవ మీద వెళ్ళి రండి, వాళ్ళు కాదనరు. ఫోన్లో మూడు నంబర్లు పెట్టుకోండి: 112, తీర భద్రత 1093, కోస్ట్ గార్డ్ 1554. పరీక్ష తేదీ వచ్చాక చట్టం సెక్షన్ల మీద సందేహాలుంటే ఇక్కడే అడగండి, ఒక్కొక్కటిగా చెబుతాను.